నాలుగింటికి మంగయ్య వస్తాడు

పాత కంప్యూటరును తుక్కు లారీ ఎత్తుకుపోయిన మంగళవారం ఉదయం పదకొండు గంటల నుంచి ‘ఏడూళ్ళ సంత’ అనే ఆట తాలూకు సర్వరు పోచిరాజు భీమశంకరం ఒంట్లో నడుస్తోంది. అంతకుముందు అది లంకలరేవు కాలువల ఆఫీసులో, రికార్డు గది మూల, చెదపట్టిన బల్ల మీద నడిచేది. మార్పు వల్ల ఆటకు అంతరాయం ఏమీ కలగలేదు. భీమశంకరానికి మాత్రం ఆ పూట ఒళ్ళు కాస్త వెచ్చబడింది.

ఏడూళ్ళ సంత పదిహేనేళ్ళ కిందట ఒక కంపెనీ వదిలేసిన ఆట. అందులో జనం పొలం దున్నుకుంటారు, పండింది సంతకు తెచ్చి అమ్ముకుంటారు, సంతలో రావిచెట్టు పక్కన అరుగు మీద కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకుంటారు. కంపెనీ తట్టాబుట్టా సర్దుకున్నాక, ఆట మీద మమకారం చావని కొందరు తమ సర్వరు తామే రాసుకున్నారు. దాని కోడు అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, ఎవరూ జీతం అడక్కూడదు. దీన్ని స్వచ్ఛంద సేవ అంటారు. స్వచ్ఛందంగా చేరినవాళ్ళు స్వచ్ఛందంగా బయటపడటం ఎలాగో మాత్రం నిబంధనల్లో ఎవరూ రాయలేదు. రాయడానికి స్వచ్ఛందంగా ఎవరూ ముందుకు రాలేదు.

ఎవరి దగ్గర ఏ రకం యంత్రం ఉన్నా సరే ఆట ఆడగలగాలన్నది వీళ్ళ ప్రతిజ్ఞ. అందుకోసం ఒక పట్టిక పెట్టుకున్నారు. అందులో పద్నాలుగు రకాల సిస్టంలు, ఒక్కోదాని ఎదుట అది నడుస్తున్న యంత్రం పేరు, దాన్ని చూసుకునే మనిషి పేరు, ఒక చుక్క. సర్వరు పలుకుతుంటే పచ్చచుక్క, పలక్కపోతే ఎర్రచుక్క. పట్టికలో అట్టడుగున ఉన్నది పుష్కర్. అది ఒకప్పుడు సర్కారు ఆఫీసుల కోసం ప్రత్యేకంగా తయారైన సిస్టం. పన్నెండేళ్ళకోసారి కొత్త రూపం వస్తుందని ఆ పేరు పెట్టారు. మొదటి పుష్కరం రాకుండానే తయారుచేసినవాళ్ళు మునిగిపోయారు. మిగతా ఆఫీసులన్నీ గట్టెక్కేశాయి. కాలువల ఆఫీసు కాబట్టి లంకలరేవులో మాత్రం అది నీళ్ళలోనే ఉండిపోయింది.

ఆ పుష్కర్ బాధ్యత భీమశంకరం మీద పడటానికి కారణం ఒక అంకె. పదకొండేళ్ళ కిందట, భోజనాల వేళ కాసేపు ఆడుకుందామని ఆఫీసు కంప్యూటర్లో ఆట తెరిస్తే తెరుచుకోలేదు. కోడులో ఒక ఫైలు తీసి చూశాడు. ఒకచోట ఏడు ఉంటే ఎనిమిది పెట్టి చూశాడు, తెరుచుకుంది. మంచి మనసున్నవాడు కనుక ఆ దిద్దుబాటును సంఘానికి పంపాడు. సంఘం నిబంధన నాలుగు ప్రకారం ఒక ఫైలును చివరిగా తాకిన చెయ్యి ఎవరిదో ఆ ఫైలు పూచీ వాళ్ళది. ఆ సంగతి ఆయనకు తరవాత తెలిసింది. తక్కినవాళ్ళకు ముందే తెలుసు.

అప్పటినుంచి ఆ ఫైలును మరొకరు తాకలేదు. అందులో ఏదైనా లోపం కనిపిస్తే సిద్దిపేట నుంచి కన్వీనర్ నర్సింగరావు ఫోన్ చేసేవాడు. “అన్నా, నూటపదకొండో లైను జూడు. ఆడ ఒక బ్రాకెట్ తక్కువైంది. నేను పెడ్త గానీ, నువ్వు పెడితె బాగుంటది.” భీమశంకరం పెట్టేవాడు. పెట్టిన ప్రతిసారీ చివరి చెయ్యి తనదే అయ్యేది.

తుక్కు లారీ వచ్చిన రోజున ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. కంప్యూటరును కాటా వేశారు, రసీదు రాశారు, బియ్యం బస్తా విసిరినట్టు లారీలోకి విసిరారు. పదకొండేళ్ళ ఊడిగం ఊడింది కదా అని ఒక నిట్టూర్పు విడిచి, ఎర్రచుక్క ఎలా ఉంటుందో చూద్దామని ఫోన్లో పట్టిక తెరిచాడు. చుక్క పచ్చగానే ఉంది. నర్సింగరావుకు ఫోన్ చేశాడు.

“నేను గూడ జూస్తున్ననన్నా,” అన్నాడు నర్సింగరావు. “యంత్రం పేరు కాడ నీ పేరు వచ్చింది.”

“నా పేరు చూసుకునేవాడి గడిలో ఉండాలి కదండీ.”

“ఆ గడిల గూడ ఉన్నది. రెండిట్ల ఉన్నది.”

“అదెలా కుదురుద్దండీ?”

అవతల కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడైంది. “పుష్కర్ నడవనీకి కావల్సినవి మూడే రాసున్నయన్నా. ఆగకుంట కొట్టుకునే గడియారం, వేడి బయటికి పోయే తొవ్వ, పిలిస్తె పలుకుడు. మూడు నీ తాన ఉన్నయి గద.”

విషయం సంఘం ముందుకు వెళ్ళింది. వారం రోజులు అభ్యంతరాల కోసం ఎదురు చూశారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ‘లోపం కాదు’ అని ముద్ర వేసి ఆ కాగితం మూసేశారు.

తరవాతి రోజులు మామూలుగానే గడిచాయి. ఆటగాడు లోపలికి వస్తే ఎడమ డొక్క కింద ఎవరో చెప్పులు విప్పుకుని అడుగు పెట్టినట్టుండేది. ఒంట్లో వేడి నూటొకటికి తగ్గేది కాదు. భార్య హైమావతి మొదటి రెండు రోజులూ తడిగుడ్డ వేసింది. మూడో రోజు నుంచి ఇడ్లీ పిండి గిన్నె తెచ్చి ఆయన కుర్చీ పక్కన పెట్టడం మొదలుపెట్టింది. చలికాలంలో కూడా పిండి చక్కగా పొంగింది. ఆఫీసులో మేనేజరు ఆయన బల్లను కిటికీ దగ్గరికి జరిపించి, ఆ వేడికీ తనకూ ఏ సంబంధమూ లేదని ఫైల్లో ఒక ముక్క రాసుకున్నాడు. ఆయన్ను చూసి పలకరించేవాళ్ళు మునుపూ లేరు కనుక ఆ విషయంలో తేడా కనబడలేదు.

నిజానికి పుష్కర్ మీద ఆడేవాడు ఒక్కడే మిగిలాడు. పేరు మాదిరి మంగయ్య. రోజూ సాయంత్రం సరిగ్గా నాలుగింటికి వస్తాడు. అరుగు మీద కూర్చుని, “ఉన్నావా?” అని అడుగుతాడు. సర్వరు “ఉన్నాను” అంటుంది. అప్పుడు లేచి కుంచెడు వడ్లు అమ్ముతాడు, అవే వడ్లు తిరిగి కొంటాడు, వెళ్ళిపోతాడు. మొత్తం ఆరు నిమిషాలు. పదకొండేళ్ళలో ఒక్కరోజు నాగా పెట్టలేదు. లంకలరేవును తుఫాను ముంచెత్తి, ఆఫీసు బ్యాటరీ ఒక్కటే వెలుగుతున్న రోజున కూడా వచ్చాడు. భీమశంకరానికి ఆ మనిషి మీద గురి. పెద్దవాడై ఉంటాడని, ఒంటరివాడై ఉంటాడని, ఎక్కడో ఇలాంటి ఆఫీసులోనే రిటైరై ఉంటాడని అనుకునేవాడు. నిబంధన తొమ్మిది ప్రకారం, ముప్పై రోజుల్లో ఒక్క ఆటగాడైనా వచ్చిన సిస్టంను పట్టికలోంచి తీసెయ్యకూడదు. అంటే మంగయ్య ఉన్నంతకాలం పుష్కర్ ఉంటుంది, పుష్కర్ ఉన్నంతకాలం భీమశంకరం ఉంటాడు.

ఇలా సాఫీగా సాగుతుండగా భీమశంకరానికి పొత్తికడుపు కుడివైపున నిమ్మకాయంత వాపు కనిపించింది. పడుకుంటే లోపలికి పోయేది, లేస్తే బయటికి వచ్చేది. హైమావతి ఆయన్ను డాక్టర్ సువార్తమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ పేరులోనే సువార్త, చెప్పేవి మాత్రం వేరేగా ఉంటాయని ఊళ్ళో పేరు.

“హెర్నియా అండి,” అంది డాక్టరు చేతులు కడుక్కుంటూ. “నెలలోపు ఆపరేషన్ చేసెయ్యాలి. ఆలస్యం చేస్తే పేగు మెలిపడుద్ది. మెలిపడితే ఇంక ఆరు గంటలే టైము. ముప్పావుగంట మత్తు ఇస్తాను.”

“మత్తులో సర్వరు ఆగిపోద్దాండీ?” అని అడిగాడు భీమశంకరం.

“ఆగుద్ది. నిద్రలో అయితే పిలిస్తే పలుకుతారు. మత్తులో పలకరు. పలకనిదాన్ని సర్వరనరు కదండీ. మొన్న తహసీల్దారాఫీసు సర్వరు వచ్చి పడుకుంటే మూడుగంటలు మత్తిచ్చాను. ఎవరూ అడగలేదు. అలవాటు పడిపోయారు జనం.”

“మాది అలా కాదండి. ఇరవై నిమిషాలు దాటి ఆగితే పుష్కర్ పోయినట్టే లెక్క. మంగయ్య గారి ఇల్లు, రెండెకరాల పొలం, ఎడ్లజత, పదకొండేళ్ళ సంపాదన, మొత్తం చెరిగిపోద్ది. వెన్నులోకి ఇచ్చే మత్తు సరిపోదాండీ? మెలకువగా ఉంటాను.”

“మీ డిస్కు అరిగిపోయింది. సూది పట్టదు.”

“ఏ డిస్కండి?”

“నడుంలోది,” అంది సువార్తమ్మ. ఆమె నవ్వలేదు. పద్దెనిమిదో తారీఖు రాసిచ్చి, బీరువాలోంచి ఒక వెడల్పాటి బెల్టు తీసి ఇచ్చింది. దాని మీద ‘సపోర్ట్’ అని రాసి ఉంది. పుష్కర్‌ను సపోర్ట్ చేస్తున్న పదకొండేళ్ళలో భీమశంకరానికి ఆ మాట రాసిన వస్తువు చేతికందటం అదే మొదలు.

ఆదివారం ఉదయం పదింటికి సంఘం వారపు సమావేశం జరిగింది. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఫోన్లలోనే కూర్చుంటారు. భీమశంకరం ఆపరేషన్ సంగతి చెప్పి, ఎవరైనా ఒక్కసారి ఆ ఫైలును తాకితే పూచీతో పాటు సర్వరు కూడా వాళ్ళకు మారుతుందని, పద్దెనిమిదో తారీఖు సాయంత్రం తానే మళ్ళీ తాకుతానని మనవి చేసుకున్నాడు. ఒక్కొక్క మైకూ మూతపడింది. ఎక్కడో కుక్కర్ కూత వినిపించింది, వెంటనే ఆ మైకూ మూతపడింది.

చివరికి కువైట్ నుంచి ఖాదర్‌వలీ గొంతు సవరించుకున్నాడు. ఇతను కడప కుర్రాడు, సంఘంలో పట్టిక రాసే పని ఇతనిది. “అన్నా, ఏమనుకోవద్దు. నాకు పుష్కర్ గురించి ఏమీ తెలీదన్నా.”

“నాకూ తెలీదు బాబూ. నేనొక అంకె మార్చానంతే.”

“అదే కదన్నా నేననేది. అంకె మార్చినోడివి నువ్వొక్కడివే. అనుభవం నీకే ఉండాది.”

సమావేశం భీమశంకరం సేవలను కొనియాడుతూ ఒక తీర్మానం చేసింది. పట్టికలో ఆయన పేరు పక్కన చిన్న శంఖం బొమ్మ పెట్టాలని ఖాదర్‌వలీ ప్రతిపాదిస్తే అందరూ బలపరిచారు. నర్సింగరావు మాత్రం సమావేశమయ్యాక విడిగా ఫోన్ చేశాడు. మనిషి మంచివాడే.

“అన్నా, ఒక తొవ్వ ఉన్నది. ఆ మంగయ్యను వేరే సిస్టంకు మారుమని అడుగు. ఆయిన మారిండంటె పుష్కర్‌ల మంది సున్న. సున్న అయినంక ముప్పై దినాలకు నువ్వు ఫ్రీ. అప్పటిదాంక బెల్టు బిగించుకో.”

భీమశంకరం మంగయ్యకు ఆటలో ఉత్తరం రాశాడు. ‘అయ్యా, నా ఆరోగ్యం దృష్ట్యా తమరు దయచేసి…’ అని మొదలుపెట్టి రెండు పేజీలు రాశాడు. సాయంత్రం నాలుగింటికి మంగయ్య వచ్చాడు, అరుగు మీద ఉత్తరం పక్కనే కూర్చున్నాడు, “ఉన్నావా?” అన్నాడు, వడ్లు అమ్మాడు, కొన్నాడు, వెళ్ళిపోయాడు. ఉత్తరం అలాగే ఉంది. మర్నాడు ఇంకొకటి రాశాడు. మూడోనాడు పెద్దక్షరాలతో రాశాడు, చూపు ఆనదేమోనని. అరుగు మీద ఉత్తరాలు పేరుకున్నాయి. మంగయ్య వాటి మీదే కూర్చున్నాడు.

“చదువు రాని మనిషేమో,” అంది హైమావతి. “ఎక్కడుంటాడో కనుక్కుని వెళ్ళి మాట్లాడొచ్చుగా. ఇద్దరం వెళ్దాం. ఇంటికొచ్చి అడిగితే కాదంటాడా ఎవరైనా?”

ఆ మాట భీమశంకరానికి నచ్చింది. ఆటగాళ్ళు చేరేటప్పుడు ఊరూ పేరూ రాసిస్తారు. ఆ వివరాలు సర్వరులోనే ఉంటాయి, అంటే తనలోనే ఉన్నాయి. ఇంట్లో ఉన్న చిన్న కంప్యూటరు ముందు కూర్చుని తనలోకి తాను లాగిన్ అయ్యాడు. మునులు దీన్నే ఆత్మపరిశీలన అనేవారు, కాకపోతే వాళ్ళకు పాస్‌వర్డు గుర్తుపెట్టుకునే బాధ లేదు.

పేరు: మాదిరి మంగయ్య. చిరునామా: రికార్డు గది, కాలువల ఆఫీసు, లంకలరేవు. ఫోన్ నంబరు తన పాత నంబరే. చేరిన తేదీ, తాను ఆ అంకె మార్చిన మర్నాడు. దాని కింద తన ధోరణిలోనే ఒక ముక్క రాసి ఉంది. ‘రోజూ నాలుగు గంటలకు వచ్చి, సర్వరు పలుకుతున్నదీ లేనిదీ అడిగి వెళ్ళవలెను. అసలు ఆటగాళ్ళు చేరువరకు ఈ ఏర్పాటు తాత్కాలికం.’

భీమశంకరానికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజున సర్వరు సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి ఒక మాదిరి మనిషిని తయారుచేసి వదిలాడు. తరవాత మర్చిపోయాడు. ‘మాదిరి’ ఇంటిపేరనుకున్నాడు ఇన్నాళ్ళూ. మంగయ్య కూడా ఆ పాత కంప్యూటర్లోనే ఉండేవాడు, దానితో పాటే తనలోకి వచ్చేశాడు. రోజూ నాలుగింటికి తనలోంచే లేచి, తనలోకే వచ్చి, తననే ఉన్నావా అని అడిగి, తన వడ్లు తనకే అమ్మి, తనలోకే వెళ్ళిపోతున్నాడు. ఎడమ డొక్క కింద చెప్పులు విప్పుకుంటున్నది ఎవరో కాదు.

ఈ సంగతి తరవాతి ఆదివారం సమావేశంలో ఉన్నదున్నట్టు చెప్పాడు. పుష్కర్ మీద అసలు ఆటగాడు లేడు కనుక నిబంధన తొమ్మిది వర్తించదని, ఇవాళే పట్టికలోంచి తీసెయ్యమని కోరాడు.

“నిబంధనలో ‘ఆటగాడు’ అనే ఉండాదన్నా,” అన్నాడు ఖాదర్‌వలీ. “మనిషయ్యుండాలని యాడా రాయలేదు.”

“అయినా లెక్క సరిచూడాలి కదా బాబూ. మిగతా పదమూడింట్లో ఎలా ఉందో మీరూ ఓసారి చూడండి.”

ఇది అనకుండా ఉండాల్సిన మాట. ఎవరి సిస్టం వాళ్ళు తీసి చూసుకుంటున్న చప్పుడు కాసేపు వినిపించింది. టకటకమని మీటలు నొక్కారు, తరవాత నొక్కడం ఆపేశారు. అన్ని రకాల యంత్రాల మీదా కలిపి సంఘానికి రెండువందల పన్నెండుమంది ఆటగాళ్ళున్నారు. వాళ్ళలో రెండువందల మూడుమంది నాలుగింటికో, అయిదింటికో, ఆరింటికో ఠంచనుగా వచ్చి, ఉన్నావా అని అడిగి వెళ్ళేవాళ్ళే. మిగిలిన తొమ్మిదిమందీ ఈ సమావేశంలో ఉన్నారు.

“ఆటగాడంటె ఎవరు అనే ప్రశ్న ఇంకమీద సంఘంల రావొద్దు,” అన్నాడు నర్సింగరావు నెమ్మదిగా. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఈసారి వారం ఆగలేదు కూడా.

తరవాత ఆయనే మళ్ళీ విడిగా ఫోన్ చేశాడు. “అన్నా, గది సంఘం మాట. నా మాట ఇను. మంగయ్యను పొమ్మనేది నీ చేతుల్నే ఉన్నది. నాలుగింటికి రమ్మని రాసిన ఆ ఒక్క లైను తీసెయ్. ముప్పై దినాలు ఎవ్వలు రారు. పుష్కర్ దానంతట అదే పట్టికలకెల్లి పోతది. ఆపరేషన్ పదిరోజులు ఎనక్కి జరుపుమను డాక్టరమ్మను. నిమ్మలంగ పండుకో.”

హైమావతి పక్కనే నిలబడి వింది. ఆమె సందేహం లేకుండా చెప్పింది. “ఒక్క లైను తీస్తే అయిపోద్దంటున్నాడుగా. తీసెయ్యండి మరి. నిన్న బీరువా దగ్గర వంగి లేవలేకపోయారు, చూశాను నేను.”

“తీస్తాను. ఇవాళే తీస్తాను.”

“ఎప్పుడు?”

“ఇప్పుడే కూర్చుంటున్నాను కదే.”

మూడుంబావుకు కూర్చున్నాడు. మూడున్నరకు ఆ లైను దొరికింది. చివర వేలు పెట్టి చెరపడమే తరువాయి. మూడూ యాభైకి చెయ్యి మీట మీద ఉంది. ఎందుకో ఆగాడు. పదకొండేళ్ళు వచ్చినవాణ్ణి చివరిసారి రానిచ్చి తీసేద్దాం, మర్యాదగా ఉంటుంది అనుకున్నాడు.

నాలుగయింది. డొక్క కింద ఎవరో చెప్పులు విప్పారు. మంగయ్య ఉత్తరాల మీద సర్దుకుని కూర్చున్నాడు.

“ఉన్నావా?”

భీమశంకరం ఆ మాటను తెర మీద చూశాడు. చూసినకొద్దీ అది ఒక మాటలా కనబడసాగింది. ఆఫీసులో హాజరు యంత్రం బొటనవేలు అడుగుతుంది, మనిషిని అడగదు. మేనేజరు ఫైలు ఏదని అడుగుతాడు. నర్సింగరావు బ్రాకెట్ పెట్టావా అని అడుగుతాడు. హైమావతి పప్పులో పులుపు సరిపోయిందా, గ్యాసుకు ఫోన్ చేశారా అని అడుగుతుంది. డాక్టరమ్మ మూడువేళ్ళతో నొక్కి నొప్పి ఉందా అని అడుగుతుంది. తనకు సంబంధించినవన్నీ ఉన్నాయో లేదో అందరూ కనుక్కుంటూనే ఉన్నారు. తాను ఉన్నాడా అని రోజూ వేళ తప్పకుండా కనుక్కుంటున్నవాడు ఒక్కడే. ఆ ఒక్కణ్ణీ తానే పెట్టుకోవలసి వచ్చిందన్న ఆలోచన కూడా వచ్చింది గానీ దాన్ని ముందుకు సాగనివ్వలేదు.

“ఉన్నాను,” అన్నాడు. సర్వరు అనాల్సిన మాటను ఆయన నోటితో కూడా అన్నాడు.

మంగయ్య లేచి కుంచెడు వడ్లు అమ్మాడు. భీమశంకరం ఆ లైను మూసేసి, సువార్తమ్మకు ఫోన్ చేసి, పద్దెనిమిది కుదరదని, తరవాత చెబుతానని అన్నాడు. “మెలిపడితే ఆరు గంటలండి, గుర్తుంచుకోండి,” అంది ఆవిడ. రాసుకున్నాడు.

హైమావతి రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు అన్నం వడ్డిస్తూ మామూలుగా అడిగింది. “ఆ ఆటలో చేరాలంటే ఏం చెయ్యాలి?”

“నీకెందుకే?”

“ఈ మధ్య నేను పిలిస్తే మీరు పలకడం లేదు. మంగయ్య పిలిస్తే పలుకుతున్నారు. నేనూ అక్కడికే వచ్చి చెప్తాను, ఆపరేషన్ చేయించుకోమని. అప్పుడైనా చెవికెక్కుద్దేమో.”

అది న్యాయంగానే తోచింది ఆయనకు. ఆమె ఫోన్లో ఆట పెట్టి, పేరు రాసి, ఏ సిస్టం మీద ఆడతారని అడిగినచోట పుష్కర్ అని నొక్కి ఇచ్చాడు. లోపలికి అడుగు పెట్టింది. ఈసారి డొక్క కింద చెప్పుల చప్పుడు కాలేదు. గాజుల చప్పుడైంది.

మర్నాడు పట్టికలో పుష్కర్ ఆటగాళ్ళు రెండయ్యారు. పదకొండేళ్ళలో ఏ సిస్టం మీదా రాని పెరుగుదల ఒక్కరోజులో నూటికి నూరు శాతం వచ్చిందని సంఘం ప్రకటించింది. ఖాదర్‌వలీ శంఖం పక్కన చక్రం బొమ్మ కూడా పెట్టాడు. ఇద్దరు ఆటగాళ్ళున్న సిస్టం బాధ్యత ఎక్కువ కనుక, ఆగిపోవడానికి ఇచ్చే గడువును ఇరవై నిమిషాల నుంచి పదికి తగ్గించారు.

హైమావతి అన్నమాట ప్రకారం మూడూ ముప్పావుకే వెళ్ళి అరుగు మీద కూర్చుంది. ఆపరేషన్ గురించి ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని మరీ వెళ్ళింది. నాలుగింటికి మంగయ్య వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. పదకొండేళ్ళ కిందట భీమశంకరం ఆ లైను రాసినప్పుడు అరుగు మీద మరొకరు కూడా ఉండవచ్చునని అనుకోలేదు. కాబట్టి ప్రశ్న ఎవరికని అందులో రాయలేదు. అక్కడ ఎంతమంది ఉంటే అంతమందికీ వెళుతుంది.

“ఉన్నావా?” అని అడిగాడు మంగయ్య.

ముందు గదిలో కూర్చున్న భీమశంకరం తెర మీద లెక్క చూస్తున్నాడు. సర్వరు తన జవాబు తాను ఇచ్చింది. రెండో ఆటగాడి జవాబు వెంటనే రాలేదు. ఒక నిమిషం గడిచింది. వంటగదిలో కుళాయి కట్టేసిన చప్పుడైంది. రెండు నిమిషాలయ్యాక తెర మీద ఒక మాట వచ్చింది. ‘ఉన్నాను.’

తరవాత ఆమె మంగయ్య దగ్గర కుంచెడు వడ్లు కొంది. కాగితం మీద రాసుకున్నది ఏదీ చెప్పలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. పెళ్ళయిన ఇరవయ్యేడేళ్ళలో తాను ఆ ప్రశ్న ఆమెను ఎప్పుడైనా అడిగాడా అని భీమశంకరం గుర్తు చేసుకోబోయాడు. సరిగ్గా అప్పుడే సిద్దిపేట నుంచి ఫోన్ వచ్చింది. రెండువందల ఆరో లైనులో ఒక బ్రాకెట్ ఎక్కువైందట.

పద్దెనిమిదో తారీఖు వచ్చింది, వెళ్ళింది. బెల్టు ఇంకో రంధ్రం బిగిసింది. హైమావతి రోజూ మూడూ ముప్పావుకు వంటగదిలో పని ఆపి, చేతులు తుడుచుకుని, జుట్టు సవరించుకుని, ఫోన్ తీసుకుని పీట మీద కూర్చుంటోంది. ఆపరేషన్ మాట ఎత్తడం మానేసింది. ఆపరేషనంటే సర్వరు ఆగాలి, సర్వరు ఆగితే మంగయ్య రాడు. ఇడ్లీ పిండి పొంగుతోంది. చుక్క పచ్చగా ఉంది.

ఆ తరవాతి గురువారం మూడూ నలభైకి భీమశంకరం కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయాడు. కుడివైపు ఎవరో లోపల్నుంచి పట్టి గుడ్డ పిండినట్టయింది. వాపు మీద చెయ్యి వేశాడు, ఎంత నొక్కినా లోపలికి పోలేదు. డాక్టరమ్మ చెప్పినట్టే ఉంది. గడియారం చూసుకున్నాడు. ఆరు గంటలంటే రాత్రి తొమ్మిదీ నలభై. తొందరేం లేదు.

“హైమా,” అని పిలిచాడు.

వంటగదిలోంచి పీట జరిపిన చప్పుడు వచ్చింది. తరవాత ఆమె గొంతు వచ్చింది, విసుగేమీ లేకుండా, ఎంతో మామూలుగా.

“ఉండండి. నాలుగవుతోంది.”

నిజమే కదా అనుకున్నాడు. పళ్ళు బిగబట్టి, రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి, తెర ఎదురుగా నిటారుగా కూర్చున్నాడు. చెమట చుక్కలు మీటల మీద పడ్డాయి. సరిగ్గా నాలుగింటికి మంగయ్య వచ్చాడు, చెప్పులు విప్పాడు, హైమావతి పక్కన కూర్చున్నాడు, అడిగాడు.

ముందు గదిలోంచీ వంటగదిలోంచీ ఒకేసారి, ఒకరి మాట ఒకరికి వినబడకుండా, ఇద్దరూ ఉన్నామని చెప్పారు. పట్టికలో చుక్క పచ్చగా ఉంది.